యాసిడ్ సీసాలో నిమ్మకాయ నీళ్లు

మేడమ్ పోయిన వారానికి మా కాలేజీలో సంతాప సభ పెట్టారు. ప్రిన్సిపల్ గారు నన్ను పిలిచి, "ఆమెతోని ఎక్కువ తిరిగింది నువ్వే గదమ్మా, జర మాట్లాడు" అన్నారు. ఆమె ఎక్కడ చదివారో, ఏయే ఊళ్లలో పనిచేశారో నాకు సరిగా తెలియదు. తెలిసినవాళ్లు మాట్లాడారు. నేను ప్రార్థన చేసి కూర్చున్నాను. సభ అయ్యాక వరండాలో టీ తాగుతుంటే పాత విద్యార్థి ఒకడు పక్కవాడితో మెల్లగా అన్నాడు.

"ఈమెనేరా, సీసెడు నిమ్మకాయ నీళ్ల కోసం ఒకని కొలువు చెడగొట్టింది."

"గంత సాదస్తమా?" అని పక్కవాడు నవ్వాడు.

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ రోజు ఆమె వెంట ఉన్నది నేను. ఆ సీసా సంగతి తెలియకపోతే ఆమె జనం నోట్లో ఒట్టి మొండి మనిషిగానే మిగిలిపోతారు. అందుకే రాస్తున్నాను.

మాది మొయినాబాద్ దగ్గర ఒక బి.ఇడి. కాలేజీ. సైన్సు టీచర్లు కాబోయేవాళ్లకు జీవశాస్త్రం ఎలా బోధించాలో నేను నేర్పుతాను. మేడమ్ చేవెళ్ల వైపు సర్కారు బళ్లలో భౌతికశాస్త్రం చెప్పి, రిటైరై, ఆ ఏడే మా దగ్గరికి వచ్చారు. కనకమామిడి దగ్గర వాళ్లకు పొలాలు ఉండేవి. తమ్ముడు రాజకీయాల్లో తిరిగేవాడు, కారు పంపిస్తానని పోరేవాడు. ఆమె మాత్రం ఆర్టీసీ బస్సులో డ్రైవరు వెనక సీటులో, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని దిగేవారు. పొట్టి మనిషి. గొంతు పెద్దది కాదు. అయినా ఆమె వరండాలో నడిచి వస్తుంటే మాటలు ఆగిపోయేవి.

టీచర్ శిక్షణలో చివరి మెట్టు ఫైనల్ లెసన్. ఊరి బడిలో నిజమైన పిల్లల ముందు పాఠం చెప్పాలి. వెనక కుర్చీల్లో పరీక్షకులు కూర్చుని మార్కులు వేస్తారు. అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఆ పాఠాన్ని అదే పిల్లలకు ముందే ఒకటికి రెండుసార్లు చెప్పి సిద్ధం చేసి ఉంచుతారు. జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి ఎత్తాలి, రానివాళ్లు ఎడమ చెయ్యి. వెనక నుంచి చూసేవాళ్లకు క్లాసంతా లేచిన చేతులే కనిపిస్తాయి.

మా కాలేజీ తరఫు పరీక్షకురాలైనా మేడమ్ వెనక కూర్చునేవారు కాదు. కుర్చీ తెచ్చుకుని నల్లబల్ల పక్కన, పాఠం చెప్పేవాళ్లకు వీపు పెట్టి, పిల్లలకు ఎదురుగా కూర్చునేవారు. పాఠమంతా పిల్లల ముఖాలే చూసేవారు. మా కాలేజీ పిల్లలు బెదిరిపోయేవాళ్లు. ఒక అమ్మాయి ఏడుస్తూ అడిగింది, "మేడమ్, మీరు నన్ను చూడకుంట మార్కులెట్ల ఏస్తరు?"

"కూర మంచిగైందా లేదా అని వండినోల్ల మొఖం చూసి చెప్తరా బిడ్డా? తిన్నోల్ల మొఖం చూడాలె."

మా పాఠ్య ప్రణాళికలో ఒక గడి ఉంటుంది. టీచరు ఈ ప్రశ్న అడిగితే పిల్లలు ఈ జవాబు చెప్తారని అందులో ముందే రాసుకోవాలి. ఆ గడి చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "పాఠం చెప్పనీకి వచ్చినవా, చిలక జోస్యం చెప్పనీకి వచ్చినవా? పిల్లలు నోరు తెరవకముందే జవాబులు రాసి పెట్టినవు గదా!" అని ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టేవారు.

'అర్థమైందా' అన్న మాట ఆమె ముందు ఎవరూ అనకూడదు. "అర్థమైందా అంటే ఐంది అంటరు. లేదంటే మళ్ల చెప్తవని వాళ్లకు భయం" అనేవారు. శిక్షణ పాఠాలు అయిపోయి మేమంతా ఆ బడిని మరిచిపోయాక, ఆమె ఒక్కరే బస్సెక్కి మళ్లీ ఆ బడికి వెళ్లేవారు. పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టుకుని, మా వాళ్లు చెప్పిపోయిన పాఠంలో ఏం మిగిలిందో కదిపి చూసేవారు. ఎందుకు మేడమ్ ఇంత తిరుగుడు అని అడిగాను. "పూత తడిగున్నప్పుడు అన్ని గోడలు నున్నగనే ఉంటయి. ఎండినంక గదా పగుళ్లు తెలిసేది" అన్నారు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏదైనా తేడాగా అనిపిస్తే కళ్లద్దాలు తీసి, కొంగు చివరతో తుడిచి, మళ్లీ పెట్టుకునే దాకా ఊపిరి తీసుకునేవారు కాదు. మేడమ్ అద్దాలు తుడిచిందంటే ఎవరికో మూడిందని మా పిల్లలు చెప్పుకునేవాళ్లు.

ఆమె గుడికి వెళ్లడం నేను చూడలేదు. కానీ నేను అన్నం ముందు కళ్లు మూసుకుంటే ఆమె తన డబ్బా మూత మీద చెయ్యి పెట్టి ఆగేవారు. నా ఆమేన్ విన్నాకే జొన్నరొట్టె తుంచి సగం నా పళ్లెంలో వేసేవారు. ఒకరోజు అలా తింటూ అడిగారు.

"మీ సండే స్కూల్ల పిల్లలకు పరీక్ష ఎట్ల పెడ్తరు?"

"వాక్యాలు కంఠతా చెప్పిస్తం మేడమ్."

"చెప్పినోల్లకు?"

"చాక్లెట్ ఇస్తం."

"చాక్లెట్ కాడ కొట్టుకుంటరా?"

నవ్వు ఆగలేదు నాకు. "కొట్టుకుంటరు మేడమ్."

"ఏం వాక్యం చెప్పిండ్రు మొన్న?"

"పొరుగువాళ్లను ప్రేమించాలని."

ఆమె నవ్వలేదు. పచ్చిమిరపకాయ కొరికి, "మరి నేర్సుకున్నట్టా, లేనట్టా?" అన్నారు.

ఇంటికెళ్లి నాన్నతో చెప్పాను. నాన్న మా చర్చి సంఘానికి కాపరి, జీవితమంతా వాక్యం బోధించిన మనిషి. "ఆమెకు ప్రభువు తెలియకపోవచ్చు, తీర్పు మాత్రం తెలుసు" అన్నారు. బోధకులు కావాలని తొందరపడవద్దనీ, బోధించేవాళ్లకు తీర్పు మరింత కఠినంగా ఉంటుందనీ లేఖనం హెచ్చరిస్తుంది. ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. అది నల్లబల్ల ముందు నిలబడేవాళ్ల గురించి, అంటే నా గురించి కూడా అని మేడమ్‌ను చూశాకే తెలిసింది.

ఇక ఆ కొలువు పోయిన అబ్బాయి. ఆ బ్యాచ్‌లో అతనంత బాగా పాఠం చెప్పేవాడు లేడు. గొంతు బాగుంటుంది, నవ్వు బాగుంటుంది, పిల్లలు చుట్టూ మూగుతారు. అతని ఇంట్లో టీచరు కొలువు దాకా వచ్చిన మొదటివాడు. భార్యకు నెలలు నిండుతున్నాయి. పరీక్ష ఫలితం చేతికొస్తే చాలు, చేరమని ఒక ప్రైవేటు బడి మాట ఇచ్చింది. ఇదంతా మేడమ్‌కు తెలుసు. అతనంటే ఆమెకు ఇష్టం కూడా.

దసరా సెలవులకు ముందు, చివరి పనిదినం. దగ్గరి ఊరి బడిలో అతని ఫైనల్ లెసన్. పాఠం ఆమ్లాలు. పొద్దుటి నుంచి మబ్బు కమ్మి ఉంది, గాలి లేదు. గదిలో పిల్లల చెమట వాసన. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఫ్యాను కింద కూర్చున్నాడు, నేను తలుపు దగ్గర. మేడమ్ ఎప్పటిలాగే అతనికి వీపు పెట్టి పిల్లల ముందు.

పాఠం అద్భుతంగా సాగింది. కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన గాజు సీసా ఎత్తి, దాని మీద అంటించిన పేరు చదివించాడు. "హైడ్రోక్లోరిక్ ఆమ్లం!" అని క్లాసు మోగింది. నీలం లిట్మస్ కాగితం ముంచాడు, ఎర్రబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నీళ్లలో ఆమ్లం పోయాలి కానీ ఆమ్లంలో నీళ్లు పోయకూడదని చెప్పి, చేసి చూపించాడు. పోస్తుంటే వేళ్ల మీద ఒలికింది. మాట ఆపకుండానే చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

నేను గమనించలేదు. మేడమ్‌కు అతను కనిపించడు కూడా. ఆమెకు కనిపించింది పిల్లల ముఖాలు. ఒలికినప్పుడు ఒక్క ముఖం కూడా మారలేదు.

ఆమె అద్దాలు తీసి తుడిచారు.

పాఠం అయ్యాక లేచి, కిటికీ పక్కన కూర్చున్న సన్నటి అమ్మాయి దగ్గరికి వెళ్లారు. రెండు జడలు, చురుకైన కళ్లు.

"ఆ సీసాల ఏమున్నది బిడ్డా?"

"యాసిడ్ మేడమ్."

"ముట్టుకోవచ్చునా?"

"ముట్టుకోవద్దూ!" క్లాసంతా రాగం తీసి చెప్పింది.

మేడమ్ ఆ అమ్మాయి పక్కన బల్ల మీద కూర్చున్నారు. "సార్ లేడనుకో. నాకు ఉత్తగ చెప్పు. ముట్టుకుంటే ఏమైతది?"

అమ్మాయి అటూ ఇటూ చూసి నవ్వింది. "ఏం గాదు మేడమ్. పరీక్షల అడిగితే ముట్టుకోవద్దని రాయాలె. ఉత్తగైతే ఏం గాదు."

"నీకెట్ల తెలుసు?"

"సార్ చేతి మీద పడ్డది గదా! మొన్న నేర్పిచ్చినప్పుడు గూడ పడ్డది. మా లీడరైతే ఏలు ముంచి నాకిండు. నిమ్మకాయ షర్బత్ లెక్కున్నదట."

"ఉప్పు ఎయ్యలే మేడమ్, లేకుంటే సక్కగుండు" అని లీడరు వెనక నుంచి అందించాడు. క్లాసు గొల్లుమంది. పరీక్షకుడు కూడా నవ్వి, "పిల్లలు మస్తు హుషారున్నరు మేడమ్" అన్నాడు.

"ఇంట్ల యాసిడ్ ఉంటదా?" మేడమ్ గొంతు ఇంకా తగ్గింది.

"ఉంటది మేడమ్. మా బాపు టైల్స్ కడుగుతడు గదా. అమ్మ దాన్ని ముట్టనియ్యది, ఊకె భయపెడ్తది. నేను చెప్పిన, అమ్మా, సార్ చూపిచ్చిండు, ఏం గాదని."

మేడమ్ లేచి వెళ్లి ఆ సీసా మూత బిగించారు. అందులో ఉన్నది నిమ్మకాయ నీళ్లేనని అప్పటికే ఆమెకు తెలిసిపోయింది. అయినా వేళ్లు తెల్లబడే దాకా బిగించారు.

ఎప్పుడో మా కాలేజీ ల్యాబులో ఒక అమ్మాయి చీర కొంగు యాసిడ్ పడి కాలిందట. మళ్లీ ఎవరికీ ఏమీ కాకూడదని యాజమాన్యం యాసిడ్ కొనడం మానేసింది. కుళాయి నీళ్లలో నిమ్మకాయ పిండి అదే సీసాల్లో నింపేవారు. లిట్మస్ ఎర్రబడుతుంది, పాఠం నడుస్తుంది, ఎవరికీ గాయం కాదు. అందులో దురుద్దేశం లేదు, జాలే ఉంది. నాది జీవశాస్త్రం, ఆ అల్మారా నేనెప్పుడూ తెరవలేదు. మేడమ్ వచ్చి నెలలే అయింది, ఆ సీసాలు ఆమె చేతికి ఇంకా రాలేదు.

"మేడమ్, నా తప్పేమున్నది? కాలేజీల గవే ఇచ్చిండ్రు" అన్నాడు అబ్బాయి. "నిమ్మరసం గూడ ఆమ్లమే గదా మేడమ్."

"నువ్వు తప్పు చేసినవని నేనన్ననా? నువ్వు ఫెయిల్ గాలే బిడ్డా. మస్తుగ పాసైనవు. నీ నోరు చెప్పింది వాళ్లు మరిచిపోతరు. నీ చెయ్యి చెప్పింది నేర్సుకున్నరు. నాకు గదే భయం."

అప్పుడే గంట కొట్టారు. సెలవుల గంట. మేడమ్ తలుపుకు అడ్డం నిలబడి, "ఆగుర్రి! ఒక్క మాట ఇని పోర్రి!" అని అరిచారు. ఆమె అరవగా వినడం అదే మొదటిసారి. కానీ దసరా సెలవుల గంట విన్న పిల్లల్ని ఆపడం ఎవరి తరం? ఆమె చేతుల కింది నుంచి దూరి, నవ్వుతూ, సంచులు ఊపుకుంటూ ఊరంతా చెదిరిపోయారు. హెడ్మాస్టరు వచ్చి, "పండుగ అయినంక చూద్దాం మేడమ్, ఏం ఫికర్ జేయకుర్రి" అన్నారు.

మార్కుల కాగితం మీద సంతకం అడిగితే ఆమె పెట్టలేదు. తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సెలవుల తర్వాత ఆ అబ్బాయి అదే క్లాసులో నిజమైన యాసిడ్‌తో, చేతులకు తొడుగులు వేసుకుని, మళ్లీ పాఠం చెప్పాడు. సీసా ఎత్తినప్పుడు అతని చెయ్యి వణికింది, ముందు బల్లల పిల్లలు తమకు తామే వెనక్కి జరిగారు. అది చూశాకే మేడమ్ సంతకం పెట్టారు. ఈలోగా మాట ఇచ్చిన బడి వేరేవాణ్ని పెట్టుకుంది. అతని నష్టం నిజం. మేడమ్ ఎన్నడూ దాన్ని తక్కువ చేసి మాట్లాడలేదు. మా కాలేజీ మాత్రం మరుసటి ఏడు ఆమెను పిలవలేదు.

ఆ మధ్యాహ్నానికి వస్తాను. ఆమె హెడ్మాస్టరును అడిగింది ఒక్కటే. ఈ పిల్లల తల్లిదండ్రులు ఏం పని చేస్తారు? ఎక్కువమంది కనకమామిడి వైపు ఫాంహౌసుల్లో ఊడ్చి కడిగే పని. కొందరు మోకిల దగ్గర కొత్తగా లేస్తున్న ఇళ్లలో బండలు, టైల్స్ పని. రెంటికీ యాసిడ్ కావాలి. దుకాణాల్లో విడిగా కొని, ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఇంట్లో మూలకు పెడతారు. ఆమె చెప్పులు తొడుక్కున్నారు.

"ఎక్కడికి మేడమ్?"

"ఇండ్లకు. నా పాఠం ఇంక గాలే."

ఆటో మాట్లాడుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఒక్కో గడప దగ్గరా ఆమె అదే పని చేశారు. యాసిడ్ సీసా తెమ్మనేవారు. ఒక ఇంట్లో అది మంచినీళ్ల బిందె పక్కన ఉంది. ఇంకో ఇంట్లో కిటికీలో, చంటిదాని పాలసీసా పక్కన. కొంగుతో ముక్కు మూసుకుని, గడప ముందు పరిచిన షాబాద్ సున్నపురాతి బండ మీద ఒక చుక్క వేసేవారు. బండ బుస్సుమని తెల్లగా పొంగేది. పొద్దున ఒలికితే మారని ముఖాలు ఇప్పుడు మారేవి. "బండనే గిట్లయితే నాలుక ఏమైతది?" అనేవారు. అంతే. ఇంకో మాట లేదు.

ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "పండుగ పూట అలికి ముగ్గేసుకుంటే నా బండ కరాబు జేస్తివి! ఎవ్వల పిల్లవే నువ్వు?"

"బండ పోతే ఇంకోటి ఏస్కోవచ్చు అవ్వా. మనుమడు పోతే?"

ముసలమ్మ చీపురు కింద పెట్టింది. పెట్టి, మనవడి వీపు మీద ఒక్కటి వేసింది. "ఇన్నవారా?"

కిటికీ పక్కన కూర్చున్న ఆ అమ్మాయి ఇంటికి తాళం వేసి ఉంది. తల్లితో, తమ్ముడితో కలిసి ఆ పిల్ల మధ్యాహ్నమే మోకిలకు వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. తండ్రి అక్కడే కొత్త ఇళ్లలో టైల్స్ పనిలో ఉన్నాడు. ఫోను ఎత్తడం లేదు.

"పోదాం" అన్నారు మేడమ్.

మోకిల రోడ్డు మీద ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. రెండు వైపులా గోడలు, గేట్లు, గేట్ల వెనక ఒకే తీరు ఇళ్లు, ఎవరూ లేని బాల్కనీలు. మబ్బు ఇంకా కురవలేదు. నాన్న ప్రసంగాల్లో తరచు వచ్చే కావలివాడు గుర్తొచ్చాడు. గోపురం మీద నిలబడి ఖడ్గం రావడం చూసీ బూర ఊదకపోతే, చచ్చినవాళ్ల రక్తం అతని చేతి మీద ఉంటుంది. ఊదిన తర్వాత కూడా జనం వినకపోతే ఆ రక్తం వాళ్ల తల మీదేనని కూడా నాన్న చెప్పేవారు. కానీ వినేలోపే పండుగకు చెదిరిపోతే? నేను కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి మేడమ్ నా వైపే చూస్తున్నారు. "ఏం ప్రార్థన చేసినవు?"

"మనం ముందు చేరాలని మేడమ్."

"నా దిక్కు నుంచి గూడ చేయి. నాకు రాదు."

సగం కట్టిన ఇంటి ముందు ఆటో ఆగింది. లోపల కటింగ్ మిషను రొద. ఆ రొదలో తల్లిదండ్రులకు మా కేక వినిపించలేదు. వెనక వైపు, పైకప్పు వేసి గోడలు ఇంకా పూయని గదిలోంచి పిల్లల గొంతులు వస్తున్నాయి. వెళ్లి చూస్తే అక్కడ బడి నడుస్తోంది.

టైల్స్ అట్టపెట్టెల మీద చిన్న పిల్లలు వరసగా కూర్చున్నారు. పనివాళ్ల పిల్లలు, కొందరికి ముక్కులు కారుతున్నాయి. ఎదురుగా సిమెంటు గోడ మీద సుద్దముక్కతో 'ఆమ్లాలు' అని రాసి ఉంది. దాని ముందు ఆ అమ్మాయి. చేతిలో కూల్‌డ్రింకు సీసా, మూత తీసి ఉంది. ఆ అబ్బాయి నిలబడినట్టే నిలబడింది. అతనిలాగే తల పక్కకు వంచి నవ్వింది. ఏమీ ఒలకకుండానే, అతనిలాగే చెయ్యి నడుముకు తుడుచుకుంది.

"ఇది ఏమిటి?"

"యాసిడ్!"

"ముట్టుకోవచ్చునా?"

"ముట్టుకోవద్దూ!"

"పరీక్షల గట్ల రాయాలె. ఇగ ఇప్పుడు ఎవరొచ్చి రుచి చూస్తరు? పుల్లగుంటది. తమ్మీ, నువ్వు రా. జర వాసనొస్తది, ఏం గాదు, ముక్కు మూస్కో."

చిన్నవాడు ఒక చేత్తో ముక్కు పట్టుకుని, రెండో చేతి వేలు చాపి లేచాడు.

నేను అరవబోయాను. మేడమ్ చెయ్యి నా నోటి మీద పడింది. ఎందుకో తర్వాత అర్థమైంది. అరిస్తే ఆ పిల్ల ఉలిక్కిపడుతుంది, సీసా చేజారితే యాసిడ్ చిందేది చిన్నవాడి ముఖం మీదే.

ఆమె నిమ్మళంగా నడిచి వెళ్లి, చివరి అట్టపెట్టె మీద ముసలి మోకాళ్లు ముడుచుకుని పిల్లల మధ్య కూర్చున్నారు. కుడి చెయ్యి ఎత్తారు.

"టీచర్, నాకొక డౌటున్నది."

అమ్మాయి గుర్తుపట్టి బిగుసుకుపోయింది. చిన్నవాడు కూడా ఆగి వెనక్కి చూశాడు.

"ఆ సీసా నేను పట్టుకోవచ్చునా టీచర్? మెల్లగ తెస్తవా? మూత పెట్టి తే. శెభాష్."

అమ్మాయి మూత పెట్టి, రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. మేడమ్ దాన్ని తన వెనక పెట్టుకున్నారు.

ఆ పాఠం అక్కడే మళ్లీ జరిగింది. షాబాద్ బండ ముక్క మీద ఒక చుక్క. బుసలు కొట్టిన నురగ, ఘాటు పొగ. చిన్నవాడు ఏడుస్తూ అక్క వెనక్కి దూరాడు. అమ్మాయి ఏడవలేదు. నురగ ఆగే దాకా ఆ బండనే చూసింది.

"సార్ తెచ్చినయి నీళ్లా మేడమ్?"

"నిమ్మకాయ నీళ్లు బిడ్డా."

"మరి యాసిడని ఎందుకన్నడు?"

"మీకేం కావద్దని."

అమ్మాయి మెల్లగా అడిగింది. "మరి సార్ చెప్పినయన్ని గిట్లనేనా?"

మేడమ్ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి, తల్లిని పిలిపించి, సీసా అందని ఎత్తులో పెట్టించి బయటికి వచ్చారు.

ఆటోలో నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కన్నీళ్లు ఆగలేదు. మేడమ్ మాత్రం తేలికపడలేదు. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తుడవడం లేదు.

"ఆ అల్మారల సీసాలు ఎప్పటి నుంచి గట్లున్నయి?"

"నేను చేరకముందు నుంచే అంటరు మేడమ్."

"అయితే ఆ సీసాలతోని నేర్సుకున్నోల్లందరు ఇప్పుడు ఎక్కడున్నరు?"

బళ్లలో ఉన్నారు. ఇంకెక్కడుంటారు? ఏటేటా వాళ్లను మంచి మార్కులతో పంపించింది మేమే.

"ఒకనికి ఫోన్ చేయి" అన్నారు.

పాత బ్యాచ్‌లో నా దగ్గర చదివినవాడు చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో చెప్తున్నాడు. అతనికి చేశాను. మేడమ్ వినాలని స్పీకర్ పెట్టాను. నా గొంతు వినగానే పొంగిపోయాడు.

"మేడమ్, బాగున్నరా? దసరా శుభాకాంక్షలు మేడమ్!"

"బాగున్న నాయనా. మీ బడిల ఆమ్లాల పాఠం అయ్యిందా?"

"నిన్ననే అయ్యింది మేడమ్."

"యాసిడ్ ఎక్కడిది?"

"అదే మేడమ్, మన కాలేజీ పద్ధతే. నిమ్మకాయ పిండిన. మా దగ్గర ల్యాబ్ ఎక్కడుంది? పిల్లలు మస్తు ఖుష్ మేడమ్. అందరిని ఒక్కొక్కరిగ పిలిచి ముట్టించిన. ఒక్కడంటే ఒక్కడు గూడ భయపడలే."

మేడమ్ ముందుకు వంగి డ్రైవరు భుజం మీద చెయ్యి వేశారు.

"తమ్మీ, బండి చేవెళ్లకు తిప్పు."